కత్తిరించిన సగం

ఫ్రిజ్ పైఅర తెరిచి చూడగానే డిటెక్టివ్ ఫాన్ సుహ్వాకి సగం భయం తీరింది, సగం పెరిగింది.

ఈ ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఆ అరలో ఒక సంచి ఉంటుంది. మిగిలిన అన్నం, చేపముళ్ళు, పండ్ల తొక్కలు చెత్త బండి వచ్చేదాకా కంపు కొట్టకుండా గడ్డకట్టించి దాచే సంచి. ఔ పేయ్‌లింగ్ గదిలో ఆ సంచి లేదు. అది పెట్టే చోట మంచు గుండ్రంగా గుంటపడి ఉంది. వంటగట్టు కింద చెత్తబుట్ట కడిగి బోర్లించి ఉంది. పళ్ళు తోముకునే బ్రష్ లేదు, ఫోన్ ఛార్జర్ లేదు.

సోమవారం సాయంత్రం నుంచి ఈ అమ్మాయి ఫోన్ పలకడం లేదు. కొండ ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మ ఇవాళ పొద్దున ఏడుస్తూ ఫిర్యాదు చేసింది. ఇవాళ బుధవారం. చెత్త బండి రాని రోజు. ఆఖరిసారి బండి వచ్చింది నిన్న, అంతకుముందు సోమవారం.

"ఎత్తుకుపోయేవాడు ఎవడైనా చెత్త పారబోసి మరీ ఎత్తుకుపోతాడా?" అని తనలో తను అనుకుంది సుహ్వా. సోమవారం బండి పాట వినబడగానే అందరూ సంచులు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి ఉంటారు. ఆ గుంపులో ఇంకో నల్ల సంచి పట్టుకుని ఒక అమ్మాయి నడిచి వెళ్ళిపోతే ఎవరి కంటికి ఆనుతుంది? సంచిలో ఉన్నది తొక్కలో బట్టలో ఎవరడుగుతారు? తన ఇష్టంతోనే వెళ్ళింది పిల్ల.

అంతవరకూ బాగానే ఉంది. కానీ చచ్చిపోదామనుకున్నవాళ్ళు కూడా ఇల్లు కడిగే పోతారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలాంటి శుభ్రమైన ఇళ్ళు ఆమె ఎన్ని చూసిందో! కీడెంచి మేలెంచమంటారు పెద్దలు. సుహ్వాకి కీడెంచడం దగ్గరే తెల్లారిపోతుంది. మేలు దాకా ఎప్పుడూ వెళ్ళదు.

చాప్‌స్టిక్‌ల డబ్బా కింద కవరు దొరికింది. అందులో మూడు ఫోటోలు, అచ్చువేసిన ఒక చీటీ.

"గురువారం సభలో నోరు తెరిస్తే, మిగతావి నీ బడి పిల్లల తల్లిదండ్రులకు చేరతాయి."

సభ సంగతి సుహ్వాకి తెలుసు. వార్డులో కొత్తగా పాతిన దీపస్తంభాలకు ముఖాలు గుర్తుపట్టే కెమెరా కళ్ళున్నాయి. ఇంకా తెరవలేదు. తెరవాలా వద్దా అని రేపు గురువారం నగర సభలో వాదోపవాదాలు. వద్దని ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసింది ఈ పేయ్‌లింగే. శిశుతరగతుల టీచరు, ఇరవై ఆరేళ్ళ పిల్ల, గట్టి గొంతు. రేపు మాట్లాడాల్సింది తనే.

ఫోటోలు మాత్రం అర్థం కాలేదు. మూడింట్లోనూ పేయ్‌లింగ్ రోడ్డు మీద నడుస్తోంది, అంతే. పక్కన మగవాడు లేడు, చేతిలో సీసా లేదు. నడుస్తున్న ఫోటోకి ఎవరైనా భయపడతారా? పైన మూల తేదీ, టైము ఉన్నాయి. కెమెరా బొమ్మలే. వార్డులోని పాత కెమెరాలవే. ఆ మలుపు ఆమెకు తెలుసు. డంప్లింగ్ కొట్టు మలుపు.

మూడు ఫోటోలకూ ఎడమవైపు కత్తెర పడింది. కొంచెం వంకరగా పడింది. కత్తిరించిన అంచు దగ్గర ఒక నీలం జాకెట్ చెయ్యి మిగిలిపోయింది. ఆ చేతి చివర వేళ్ళ కొసలు మాత్రమే కనబడుతున్నాయి. అరచెయ్యంతా జాకెట్ లోపలికి లాక్కుని ఉంది.

సుహ్వా ఆ వేళ్ళ కేసి చూసింది.

తన ఫోన్ తీసింది. వార్డు పెద్ద పంపిన ఫోటోలు వెనక్కి జరుపుకుంటూ వెళ్ళింది. రోజుకొక ఫోటో. ప్రతి ఫోటో కింద తను పెట్టిన బొటనవేలి బొమ్మ. మే నెలలో ఒక సోమవారం దగ్గర ఆగింది. అదే మలుపు, అదే టైము, సెకన్లతో సహా. ఈ ఫోటోకి కత్తెర పడలేదు. కుడివైపు పేయ్‌లింగ్. ఎడమవైపు, నీలం జాకెట్‌లో, చేతులు లోపలికి లాక్కుని నడుస్తున్నది తన కూతురు హాన్.

మిగతా రెండూ అంతే. మూడూ తన ఫోన్‌లో ఉన్నవే.

ఇన్ని నెలలూ ఆ ఫోటోల్లో కూతుర్ని మాత్రమే చూసుకుంది. పక్కన ఇంకో మనిషి నడుస్తోందన్న ధ్యాసే లేకపోయింది. ఆ గదిలో ఎవరూ లేరు, అయినా సుహ్వా ఫోన్‌ని తేలు కుట్టిన దొంగలా గబుక్కున జేబులో దాచేసింది.

*

వార్డు పెద్ద చువాంగ్ కార్యాలయం అంటే ఆయన ఇంటి కింది అంతస్తే. వీధికి అద్దాల తలుపు, లోపల టీ బల్ల, గోడకు పెద్ద తెర. తెర నిండా గళ్ళు, గడికొక వీధి. స్కూటర్‌కి గీత పడినా, పిల్లి తప్పిపోయినా జనం ఇక్కడికే వచ్చి చెప్పుకుంటారు. ఆయన టీ పోస్తూ వెనక్కి తిప్పి చూపిస్తాడు.

"రామ్మా సుహ్వా. ఎండలో వచ్చావ్. ఊలాంగ్ తాగు, ముందు చల్లబడు."

"టీ తర్వాత మామా. సోమవారం సాయంత్రం చెత్త బండి వచ్చిన టైము చూపించు. డంప్లింగ్ కొట్టు మలుపు."

చువాంగ్ చేతిలో కెటిల్ ఆగింది. "ఆ కెమెరానా? అది పాడైందమ్మా. పోయిన వారం వానకి."

"పోయిన వారమా?"

"ఆఁ. బాగుచేసేవాడు రేపొస్తా ఎల్లుండొస్తా అంటున్నాడు. వాళ్ళ సంగతి నీకు తెలీందేముంది."

"అలాగా! మరి పాడైన కెమెరాతో నిన్న సాయంత్రం మా హాన్ ఫోటో ఎలా తీశావ్ మామా? మంత్రమేసి తీశావా?"

ముసలాయన కెటిల్ కింద పెట్టాడు. మూత సరిచేశాడు. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాడు.

"నిన్ను కాపాడదామనే అన్నానమ్మా ఆ మాట," అన్నాడు చివరికి.

"నన్నా? నన్నెందుకు?"

ఆయన తెర మీద ఒక గడి పెద్దది చేసి వెనక్కి తిప్పాడు. సోమవారం సాయంత్రం. పసుపు బండి మలుపు తిరిగింది. చుట్టూ మూగిన జనం, సంచులు, బకెట్లు. నిక్కరు వేసుకున్న తాతలు, తలకి తువ్వాలు చుట్టుకున్న ఆడవాళ్ళు. గుంపులోంచి పేయ్‌లింగ్ వచ్చింది. చిన్న సంచి బండి వెనక బకెట్లో కుమ్మరించింది. రెండో చేతిలోని పెద్ద నల్ల సంచి మాత్రం బండిలో వెయ్యలేదు. పక్కన నిలబడ్డ ఒక పిల్ల ఆ సంచి అందుకుని భుజాన వేసుకుంది. ఇద్దరూ బండికి అటువైపు నడిచారు. బండి కదిలిపోయింది. అటువైపు ఎవరూ లేరు.

సంచి అందుకున్న పిల్లది నీలం జాకెట్.

"చూశావుగా. పేయ్‌లింగ్‌ని తీసుకెళ్ళింది నీ కూతురేనమ్మా," అన్నాడు చువాంగ్ గొంతు తగ్గించి. "అందుకే పాడైందన్నాను. ఇవాళ పాప ఫోటో కూడా పంపలేదు చూడు. ఇంకా మలుపు దగ్గరికి రాలేదు."

సుహ్వా కుర్చీ లాక్కుని కూర్చుంది. సోమవారం రాత్రి హాన్ ఇంటికి రోజులాగే వచ్చింది. నూడుల్స్ తింది. 'ట్యూషన్లో ఏం చెప్పారే' అంటే 'మామూలే' అంది. అంటే అప్పటికే పేయ్‌లింగ్‌ని ఎక్కడో దాచి వచ్చిందన్నమాట.

"సరే. ఇప్పుడు అసలు సంగతి అడుగుతున్నాను. నువ్వు నాకు పంపిన ఫోటోలు ఇంకెవరికి పంపావ్?"

"ఎవరికీ..."

"మామా! మూడు ఫోటోలు, సెకన్లతో సహా అవే. నీ దగ్గర ఉన్నాయి, నా దగ్గర ఉన్నాయి. ఆ పిల్ల గదిలోకి నేను వెయ్యలేదు. నువ్వు వేశావా?"

"అమ్మతోడు నేను కాదు!" చువాంగ్ లేచి నిలబడ్డాడు. "తెంగ్. మీ ఠాణా కెప్టెన్ తెంగ్ వచ్చాడు చైనీస్ న్యూ ఇయర్ తర్వాత. పేయ్‌లింగ్ ఎక్కడెక్కడికి తిరుగుతోందో ఫోటోలు పంపమన్నాడు. రాతలో అనుమతి ఉందా అనడిగాను, నీ మీదొట్టు, అడిగాను. దానికి అతనేమన్నాడో తెలుసా? 'డిటెక్టివ్ ఫాన్‌కి మూడేళ్ళుగా ఏ అనుమతి చూసి పంపుతున్నావయ్యా ముసలాయనా?' అన్నాడు. పంపేశాను. నీకు పంపడం తప్పు కాకపోతే అతనికి పంపడం తప్పెలా అవుతుంది? అతనికి తప్పయితే మరి నీకో?"

సుహ్వా జేబులోని ఫోన్‌ని తడిమింది.

మూడేళ్ళ కిందట పక్క వార్డులో ఒకడు బడిపిల్ల వెంట పడ్డాడని విన్న రోజు ఆమె నిద్ర పోలేదు. మర్నాడు అనాసపండు కేకుల డబ్బా పట్టుకుని ఇక్కడికే వచ్చి, 'పాప మలుపు దాటగానే ఒక్క ఫోటో పెట్టు మామా, నీకు పుణ్యముంటుంది' అంది. ఒక్క తల్లి భయం. దానిలో ఎవరికి నష్టం? ఆ తలుపు తను తీసిందే. తను దూరిన సందులోంచే తెంగ్ కూడా దూరాడు.

"మా నాన్నని పట్టించినవాడు పక్కింటి బియ్యం కొట్టువాడమ్మా," అన్నాడు చువాంగ్ టీ కప్పులోకి చూస్తూ. "సైనిక పాలన రోజులు. నాన్న ఎవరితో ఏం మాట్లాడాడో సైన్యానికి రాసిచ్చాడు. మా నాన్న తిరిగొచ్చేసరికి పళ్ళు లేవు. వీపుగోకుడు పుల్లలనేవాళ్ళం అలాంటివాళ్ళని. దొర వీపు ఎక్కడ దురద పెడితే అక్కడ గోకుతారని. ఆ కొట్టు ముందు నుంచి నడవాల్సొస్తే నేను ఇప్పటికీ రోడ్డుకి అటువైపు నుంచి పోతాను." కప్పు పక్కకి తోశాడు. "ఇప్పుడు నా ఇంటి ముందు నుంచి జనం ఎటువైపు నడవాలి?"

"మామా..."

"అప్పుడు మమ్మల్ని అడక్కుండా చూశారు. ఇప్పుడు జనమే అడిగి పెట్టించుకున్నారు. కెమెరాలు పెట్టిస్తానన్నాననేగా నాకు ఓట్లేశారు! అందుకే ఇది వేరు అనుకున్నాను."

అద్దాల తలుపు తెరుచుకుంది. చల్లటి గది లోపలికి వేడిగాలి కొట్టింది, దాని వెనకే కెప్టెన్ తెంగ్ వచ్చాడు.

*

తెంగ్ పోలీసు అకాడమీలో సుహ్వాకి రెండేళ్ళు చిన్న. హోదాలో రెండు మెట్లు పైన. అందుకే అతను 'అక్కా' అన్నప్పుడల్లా ఆమెకు ఎక్కడో గుచ్చుకునేది.

"ఇక్కడే ఉన్నారా అక్కా! మంచిదైంది, వెతుక్కునే పని తప్పింది. ముసలాయనా, నాకూ ఒక కప్పు."

"కప్పులు అయిపోయాయి," అన్నాడు చువాంగ్. బల్ల మీద ఖాళీ కప్పులు అరడజను ఉన్నాయి.

తెంగ్ నవ్వి కూర్చున్నాడు. చేతిలో ఉన్న పలక లాంటి కంప్యూటర్ బల్ల మీద పెట్టాడు. "పేయ్‌లింగ్ కేసు మీ చేతిలో ఉంది కదా. ఒక్క మాట మార్చాలి. 'కనబడుటలేదు' అని రాశారు. 'ప్రాణాపాయం' అని రాయండి."

"ఎందుకు రాయాలి? ఆ పిల్ల తన చెత్త తనే పారబోసుకుని, బ్రష్ తీసుకుని వెళ్ళింది. చావబోయేవాళ్ళకి పళ్ళు తోముకునే పనేంటి?"

"ఓహో, చూసొచ్చారన్నమాట. అయినా రాయాలి. ప్రాణాపాయం అంటేనే అత్యవసర నిబంధన వర్తిస్తుంది. కేసు అధికారి ఈ పలక మీద వేలిముద్ర పెడితే చాలు, వార్డులో స్తంభాలన్నీ కళ్ళు తెరుస్తాయి. నిమిషాల మీద దొరుకుతుంది."

"దొరికితే ఏమవుతుంది? రేపు పేపర్లో ఏమొస్తుంది? స్తంభాలు వద్దన్న మనిషిని స్తంభాలే కాపాడాయని, అంతేగా?"

"రాస్తే రాయనివ్వండి, నిజమేగా?"

సుహ్వా జేబులోంచి ఆ కవరు తీసి బల్ల మీద కొట్టింది. "ఇది నువ్వే రాశావ్."

తెంగ్ చీటీ చదివాడు. తొణకలేదు. "నేను రాయలేదు. రాసిందెవరో నాకు తెలియకపోవడమే మంచిదని మాత్రం తెలుసు. మీరు కోపంలో ఉన్నారు కాబట్టి ఒక మాట చెప్తాను, వినండి. పోయిన చలికాలం మతిమరుపు ముసలాయన ఒకాయన తప్పిపోతే కాలవలో పడకముందే పట్టుకుంది ఎవరు? ఈ కెమెరాలు. బడిపిల్ల వెంటపడ్డవాణ్ణి పట్టించింది ఎవరు? ఈ కెమెరాలు. జనం మనల్ని చూసినందుకు ఎప్పుడూ తిట్టలేదక్కా. చూడనందుకే తిట్టారు."

"ముసలాయన్ని వెతకమని ఇంట్లోవాళ్ళు అడిగారు. నిన్ను పేయ్‌లింగ్ వెంట ఎవరు పొమ్మన్నారు? అడిగి చూడటం వేరు, చాటు నుంచి చూడటం వేరు."

"అబ్బో." తెంగ్ ముందుకు వంగాడు. "మీరు అడిగే చూశారా? మీ అమ్మాయిని?"

చువాంగ్ తల దించుకుని బల్ల తుడవసాగాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

"నడుస్తున్న ఫోటోకి ఎవరైనా ఎందుకు భయపడతారని మీకు అనిపించలేదా?" అన్నాడు తెంగ్. గొంతు మెత్తబడింది. "కెమెరాకి ఆ మలుపు వరకే కనబడుతుంది. మలుపు వెనక ఏముంది? కళ్ళద్దాల కొట్టు. దాని పైన?"

"ట్యూషన్ సెంటర్... ఆ సందులోనేగా..."

"ట్యూషన్ సందు చివర ఉంది. కళ్ళద్దాల కొట్టు పైన మనసు డాక్టరు క్లినిక్ ఉంది. పేయ్‌లింగ్ అక్కడికి వారానికి రెండుసార్లు వెళ్తుంది. సోమవారం, శుక్రవారం. టీచరుకి పిచ్చి డాక్టరు దగ్గర మందులంటే ఏ తల్లి పిల్లని బడికి పంపుతుంది చెప్పండి? మీరు పంపుతారా?"

పంపనని సుహ్వాకి తెలుసు. అది తెలిసి సిగ్గేసింది.

"పేయ్‌లింగ్ ఒక్కతే బయటికి రాదు అక్కా. ఆ మెట్ల మీది నుంచి ఇద్దరు కలిసి దిగుతారు. ఏప్రిల్ నుంచి మీ అమ్మాయి ట్యూషన్ మొహం చూడలేదు. ఫోటోలు ఎవరు వేశారో నాకు తెలీదన్నాను కదా. ఎడమవైపు కత్తిరించమని చెప్పింది మాత్రం నేనే. మీ మీద గౌరవంతో."

"అబద్ధం," అంది సుహ్వా. ఆ మాట ఆమెకే వినబడలేదు.

"ఇంత ఎండలో ఆ పిల్ల పొడుగు చేతుల జాకెట్ ఎందుకేసుకుంటుందో ఎప్పుడైనా అడిగారా?"

ఈ కాలపు పిల్లలందరూ వేసుకుంటారు. జూన్ ఎండలోనూ బడి జాకెట్ విప్పరు. నల్లబడతామనో, ఏసీ చలనో, ఫ్యాషనో. అందరి తల్లులూ నవ్వుకుంటారు. సుహ్వా కూడా నవ్వుకుంది. ఉతికి ఆరేసింది. చేతులు చూపించమని ఒక్కసారీ అనలేదు. రోజుకొక ఫోటో చొప్పున మూడేళ్ళు చూసింది. ఆ గుడ్డ కింద ఏముందో చూడలేదు.

ఇంట్లో వంటగది చాకులు ఎక్కడున్నాయో, స్నానాలగది గడియ లోపలి నుంచి ఎలా పడుతుందో, ఒక్కొక్కటీ ఆమె కళ్ళ ముందు కదిలాయి. ఫోన్ తీసి హాన్‌కి కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. తెర మీద బడి నంబరు నుంచి రెండు ఎత్తని కాల్స్ ఉన్నాయి.

"మధ్యాహ్నం నుంచి క్లాసులో లేదట," అన్నాడు తెంగ్. "టీచరు మీకు చేసి, మీరు ఎత్తకపోతే ఠాణాకి చేసింది. ఇద్దరూ ఒకే క్లినిక్ మనుషులు. ఇద్దరూ ఒకేచోట ఉండి ఉంటారు. ఇద్దరి మనసూ బాగాలేదు. మీరు చూసినవాళ్ళే కదా అక్కా, ఇద్దరు కలిసి మేడ ఎక్కిన కేసులు."

"నోర్ముయ్!" అన్నాడు చువాంగ్. "అమ్మాయ్, బెదరకు. సోమవారం దాచింది, రాత్రి ఇంటికొచ్చి అన్నం తినలేదూ? చచ్చే పిల్ల అన్నం తింటుందా? వాళ్ళు రేపటిదాకా దాక్కోవాలనుకుంటున్నారు, అంతే. ఒక్క రాత్రి ఓపిక పట్టు. వేలు పెట్టకు."

"రాత్రి ఏమైనా అయితే ఆ పాపం మీదేనా ముసలాయనా?"

చువాంగ్ బల్ల తుడిచే గుడ్డ కింద పెట్టేశాడు.

సుహ్వా పలక మీది అక్షరాల వైపు చూసింది. వేలు పెడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రేపటి సభ ఈ రాత్రే ముగిసిపోతుంది. పేయ్‌లింగ్ పేరు పక్కన పిచ్చిది అన్న మాట చేరుతుంది. ఈ వార్డులో ఇక ఎవరూ ముఖం దాచుకోలేరు. వద్దని సంతకం చేసినవాళ్ళ ముఖాలు కూడా. ఇదంతా తప్పని ఆమె బుద్ధికి స్పష్టంగా తెలుసు. చువాంగ్ చెప్పిందే నిజమని కూడా తెలుసు. ఫ్రిజ్‌లో లేని సంచి, అరలో లేని బ్రష్ అదే చెబుతున్నాయి.

కానీ నూటికి ఒక్క పాలు... ఆ ఒక్క పాలు నిజమైతే?

తల్లి మనసు లెక్క వేరు. అందులో ఒకటి ఎప్పుడూ తొంభై తొమ్మిది కన్నా పెద్దది.

ఆమె 'ప్రాణాపాయం' అన్న మాట ఎంచింది. పేయ్‌లింగ్ పేరు కింద హాన్ పేరు చేర్చింది. వేలు పెట్టింది. పెడుతున్నప్పుడు చువాంగ్ వైపు చూడలేదు.

"మంచి పని చేశారు," అని తెంగ్ గోడ తెరకు ఆ పలకను కలిపాడు. "పెద్దదాన్లోనే చూద్దాం."

గళ్ళు పోయాయి. ముఖాలు వచ్చాయి. కూరల సంచి పట్టుకున్న ఒకావిడ, కింద ఆమె పేరు, వయసు, ఇంటి నంబరు. స్కూటర్ మీద కుర్రాడు, పేరు. మెట్ల మీద సిగరెట్ వెలిగిస్తున్న ముసలాయన, పేరు. నీళ్ళు పోస్తూ మొక్కల మధ్య వంగిన ఒక ముసలామె.

"మా ఆవిడ," అన్నాడు చువాంగ్. కుర్చీ వెనక్కి జరిపాడు, తెరకు దూరంగా. "మా ఆవిడ ముఖం ఇది. దీన్ని తీసెయ్యండి. తీసెయ్యండి బాబూ."

ఎవరూ తీయలేదు. ముఖాలు వరసగా వస్తూనే ఉన్నాయి. ఈ వీధుల్లో ఇరవై ఏళ్ళుగా తిరుగుతూ, పలకరిస్తూ సుహ్వా తెలుసుకున్న పేర్లన్నీ ఇప్పుడు తెర కింద అచ్చయి పడుతున్నాయి. ఆమె వాటిని చదవకూడదనుకుంది. ఒక్కొక్కటీ చదివింది. అందులో హాన్ ఉండకూడదని, ఉండాలని, రెండూ కోరుకుంది.

ఎర్ర చట్రం పడింది.

నీలం జాకెట్. చెమటకి నుదుట అంటుకున్న జుట్టు. ఫాన్ కాదు, తండ్రి ఇంటిపేరుతో, షెన్ హాన్, పదిహేడేళ్ళు. సుహ్వాకి ఏడుపు తన్నుకొచ్చింది. బతికే ఉంది. నడుస్తోంది. బతికే ఉంది.

"ఎక్కడ? ఎక్కడుంది?" అని తెంగ్ భుజం పట్టుకుని కుదిపింది.

తెంగ్ ఆ చట్రం కింది వరస చదివాడు. అతనికీ ఒక్క క్షణం అర్థం కాలేదు.

"ఇక్కడే," అన్నాడు. "వార్డు కార్యాలయం ఎదురుగా."

ముగ్గురూ తల తిప్పారు.

అద్దాల తలుపుకు అవతల, సుహ్వా స్కూటర్ ఆపిన చోట హాన్ నిలబడి ఉంది. ఆమె వెనక, టోపీ కళ్ళ దాకా లాక్కుని, మూతికి మాస్కు కట్టుకుని, హాన్ చెయ్యి గట్టిగా పట్టుకుని పేయ్‌లింగ్. తలుపు తోయడానికి ఎత్తిన హాన్ చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది. ఆ పిల్ల తల్లిని చూడటం లేదు. తల్లి వెనక గోడ మీద, ఎర్ర చట్రంలో పెద్దగా ఉన్న తన ముఖాన్నే చూస్తోంది. దాని కింద వరసలో ఉన్న 'మానసిక చికిత్సలో ఉన్నారు' అన్న మాట చూసింది. దాని కింద, అభ్యర్థించినవారు: ఫాన్ సుహ్వా.

వీధి చివర ఆగి ఉన్న తెల్ల పోలీసు వ్యాను తలుపు జరిగిన చప్పుడైంది. బూట్లు పరుగెత్తుకొస్తున్నాయి. పేయ్‌లింగ్ అటు చూసింది. పారిపోలేదు. హాన్ చెయ్యి మాత్రం వదిలేసింది.

సుహ్వా పరుగున వెళ్ళి తలుపు తెరిచింది. "హాన్! అమ్మా, నేను..."

హాన్ ఒక అడుగు వెనక్కి వేసింది. ఏడవలేదు. గొంతు చాలా చిన్నగా ఉంది.

"పోలీసుల దగ్గరికి వద్దే వద్దంది అమ్మా ఈవిడ. మా అమ్మ అలాంటిది కాదు అని నేనే చెప్పి తీసుకొచ్చాను."